సంపూర్ణమ్మ జీతం

"నీ జీతానికి లక్షన్నర అప్పు ఎన్నేళ్ళకి తీరుస్తావు అమలా?"

తిరుపతిరావుగారు ఆ మాట కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. కానీ అడుక్కోవడానికి వెళ్ళినదాన్ని, నోరు ఎక్కడ తెరుస్తాను? సొరుగులోంచి ఐదువేలు తీసి బల్ల మీద పెట్టి, "ఇది తిరిగివ్వక్కర్లేదులే, పిల్లకి నా ఆశీర్వాదం అనుకో" అన్నాడు. తీసుకున్నాను. దండం కూడా పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

పిల్లంటే మా డయానా. నర్సింగ్ పాసయింది. గుంటూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. అవి కాలేజీవాళ్ళ బీరువాలో ఉన్నాయి. ఫీజు బాకీ లక్షన్నర కడితే తప్ప ఇవ్వరు. వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళయింది. ఇక అప్పు అడగడానికి నాకు మిగిలింది మా యజమాని ఒక్కడే.

ఈ యజమానిగారిది పామర్రు దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు ఎరువుల కొట్టు, ఇప్పుడు పచ్చళ్ళ కంపెనీ. కంపెనీ పేరు నేను చెప్పను. ఊరికే ప్రచారం చేసిపెట్టే ఓపిక నాకు లేదు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే రోడ్డులో కంకిపాడు దాటాక పెద్ద రేకుల షెడ్డు మాది. ప్రతి సీసా మీదా పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక పెట్టుకుని నవ్వుతున్న ముసలావిడ బొమ్మ ఉంటుంది. కింద "మా అమ్మమ్మ సంపూర్ణమ్మ చేతి రుచి" అని రాసి ఉంటుంది. బొమ్మ ఎవరిదో ఇంటర్నెట్‌లో కొన్నారట. చెయ్యి మాత్రం నాది.

పదకొండేళ్ళ కిందట నేను అక్కడ అంట్లు తోమడానికి చేరాను. అప్పట్లో పచ్చళ్ళన్నీ తిరుపతిరావుగారి తల్లి బుల్లెమ్మగారు కలిపేది. నేను గిన్నెలు అందించేదాన్ని, జాడీలు తుడిచేదాన్ని. చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. ఆవిడ నోరు పెద్దది గానీ మనసు చిన్నది కాదు. "ఒసే అమలా, మా అమ్మ సంపూర్ణమ్మ నాకు నేర్పింది, నేను నీకు నేర్పుతున్నా. తప్పు చేశావో వీపు పగుల్తది" అనేది. సంపూర్ణమ్మంటే ఆవిడ తల్లి. పోయి ముప్పై ఏళ్ళయింది. ఆరేళ్ళ కిందట బుల్లెమ్మగారికి చేతుల వణుకు మొదలైంది. ఆ వేసవిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని కారం కలిపిన బేసిన్‌లో పెట్టి, "ఇంక ఇది నీది" అంది. అప్పటినుంచి ఆ షెడ్డులో కలిపేది నేనే.

మా వైపు ఆవకాయకి చెయ్యి చూస్తారు. కొందరు కలిపితే మళ్ళీ వేసవిదాకా ముక్క కరకరలాడుతుంది. కొందరు కలిపితే ఆషాఢానికే బూజు పడుతుంది. శుభ్రంలో తేడా అంతే అమ్మా అంటుంది డయానా. కావచ్చు. కానీ బుల్లెమ్మగారి పద్ధతి ఒకటుంది. మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి, మధ్యలో చెయ్యి మారకూడదు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపి నూనె పోసేది కూడా ఆ చెయ్యే. ఒక ఏడు నాకు జ్వరం వస్తే మూడో రోజు వేరే ఆవిడ చేత తిరగకలిపించారు. ఆ విడత సీసాలన్నీ పొంగి, వాసన కొట్టి, లారీలో వెనక్కి వచ్చాయి. అప్పటినుంచి తిరుపతిరావుగారికి ఆ పద్ధతి మీద ఉన్న నమ్మకం తిరుపతి వెంకన్న మీద కూడా లేదు. ఏడాది మొదటి విడత యాభై కిలోల ముక్క నా చేత్తోనే మొదలై నా చేత్తోనే పూర్తవ్వాలి.

ఇంత నమ్మకమున్న చేతికి ఆయన ఇచ్చేది నెలకి తొమ్మిదిన్నర వేలు.

ఐదువేలు తెచ్చుకున్న నాలుగో రోజు, మధ్యాహ్నం అన్నాలు తినే వేళ ఇష్తియాక్ నా దగ్గరికి వచ్చాడు. అతను కొత్తగా చేరిన అకౌంటెంటు, విజయవాడ వించిపేట కుర్రాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. మంచివాడు. భయస్థుడు కూడా.

"అమలక్కా, సంపూర్ణమ్మగారు ఎప్పుడొస్తారు? నేను చేరి మూడు నెలలైంది, ఒక్కసారీ చూళ్ళేదు."

"ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయింది బాబూ. ఎందుకు?"

ఇష్తియాక్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. జీతాల రిజిస్టర్లు రెండున్నాయట. ఒకదాంట్లో అమలమ్మ, శుభ్రం పని, తొమ్మిది వేల ఐదువందలు. ఇంకోదాంట్లో సంపూర్ణమ్మ, పచ్చళ్ళ మాస్టరు, ఇరవై రెండు వేలు. విదేశాలకి సరుకు పంపడానికి, బ్యాంకు లోనుకి, అనుభవమున్న మాస్టరు ఉన్నట్టు కాగితం కావాలి కదా. ఆరేళ్ళుగా ఆ జీతం నెలనెలా నగదుగా బయటికి తీస్తున్నారు.

"తీస్తే తీశారు, నాకెందుకు?" అన్నాను. నిజంగానే నాకు ఇంకా వెలగలేదు.

"అక్కా, సంపూర్ణమ్మగారి పేరు పక్కన సంతకం నీది."

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి నెలా పాత అకౌంటెంటు రెండు పుస్తకాలు ముందు పెట్టేవాడు. "ఒకటి ఆఫీసుకి, ఒకటి ఆడిటర్‌కి. రెండుచోట్లా పెట్టమ్మా" అనేవాడు. రెండోదాంట్లో పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. వేలు పెట్టి చూపించిన చోట నేను గుండ్రంగా 'అమల' అని రాసేదాన్ని. ఏడో తరగతి వరకు చదివినదాన్ని. వేలిముద్ర కాదు, సంతకం పెడుతున్నానని గర్వం కూడాను. నా గర్వం తగలెయ్య.

అంటే నేను చేసే పనికి జీతం ఉంది. నెలనెలా బయటికి వస్తోంది. ఎప్పుడో బూడిదైపోయిన మనిషి పేరు మీద, నా సంతకంతో వచ్చి, ఆయన జేబులోకి పోతోంది. తేడా ఎనిమిదిన్నర లక్షలు దాటుతుందని ఇష్తియాక్ సెల్‌ఫోన్‌లో లెక్క కట్టి చూపించాడు. నాకు ఆ అంకెకన్నా వేరే మాట చెవిలో హోరెత్తింది. నీ జీతానికి లక్షన్నర అప్పు ఎన్నేళ్ళకి తీరుస్తావు అమలా? నా డబ్బు నొక్కేసి, నా పేదరికం మీద నాకే జాలి చూపించాడు. నేను దండం పెట్టి వచ్చాను.

"లేబర్ ఆఫీసుకెళితే?" అన్నాను.

ఇష్తియాక్ తల అడ్డంగా ఊపాడు. "సంతకం ఉందంటే డబ్బు ముట్టినట్టే కదక్కా. ఇరవై రెండు వేలూ నువ్వే తీసుకున్నావని ఆయన పుస్తకం చూపిస్తాడు. తీసుకోలేదని నువ్వు ఎట్లా రుజువు చేస్తావు?" లేచి నిలబడి అన్నాడు. "నేను చెప్పానని మాత్రం అనకు అక్కా. మా ఆఫ్రీన్‌కి ఇప్పుడు ఏడో నెల."

అననని మాటిచ్చాను. అన్నం డబ్బా మూసేశాను.

ఇంటికి వెళ్ళి డయానాకి చెప్పాను. అది ఎగిరిపడింది. "రేపే వెళ్ళి అడుగు. గట్టిగా అడుగు. నేనూ వస్తా" అంది. కుర్రదానికి అన్నీ తేలికే. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను లోపలికి రానివ్వడు. నలభై ఆరేళ్ళదాన్ని, పొలం పనికి నడుము వంగదు, ఊళ్ళో ఇళ్ళల్లో అంట్లపనికి నాలుగు వేలు ఇస్తే గొప్ప. నా చెయ్యి మంచిదని ఎవరికి చెప్పుకోను? సీసా మీద నా పేరు ఉందా, మొహం ఉందా?

ఇంకొక మెలిక కూడా ఉంది, అది చెప్పుకోవడానికే సిగ్గు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు తిరుపతిరావుగారు ఇరవై వేలు ఇచ్చాడు. అడగకముందే ఇచ్చాడు. ఆ ఇరవై వేల గురించి కంకిపాడులో తెలియని మనిషి లేడు, అంతలా చెప్పుకున్నాడు. అయినా ఇచ్చాడు కదా. ఆ ఉప్పు నా గొంతులో అడ్డం పడింది.

"అమ్మా, నీ డబ్బులో నుంచి నీకే ఇరవై వేలు ఇచ్చాడు. దానికి ఇంత విశ్వాసమా?" అంది డయానా.

దాన్ని నోరు మూసుకోమని తిట్టాను. అది నిజం చెప్పిందని తెలిసి మరీ తిట్టాను.

ఆ పది రోజులూ నేను మనిషినే కాదు. అడగాలా వద్దా, అడగాలా వద్దా. బస్సులో ఆధార్ కార్డు ఇంకోసారి చూపించమన్నాడని కండక్టర్‌తో తగువు పెట్టుకున్నాను. ఆవాలు చెరుగుతున్న అమ్మాయిని రాళ్ళు సరిగా ఏరలేదని ఏడిపించాను. అంట్ల తొట్టి దగ్గర నించుని, "బాబుగారూ, మీతో ఒక మాట" అని లోలోపల వందసార్లు అనుకున్నాను. ఒకరోజు తెగించి ఆఫీసు గది గుమ్మందాకా వెళ్ళాను కూడా. ఆయన ఫోన్లోంచి తల ఎత్తి, "ఏంటి, మళ్ళీ డబ్బేనా?" అన్నాడు.

"కాదండి. ఆవాలు ఎండాయి, మిల్లుకి పంపమంటారా అని."

అదీ నా నోట్లోంచి వచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగడానికి వెళ్ళి ఆవాల గురించి మాట్లాడి వచ్చాను. గోడౌన్ వెనక్కి వెళ్ళి ఏడ్చాను, దుఃఖంతో కాదు, కడుపు మండి.

మే నెల రెండో సోమవారం మొదటి విడత పెట్టుకున్నారు. నూజివీడు నుంచి కాయ వచ్చింది. తెల్లవారకముందే కొట్టి, జీడి తీసి, తుడిచి, ముక్కలు సిద్ధం చేశాం. పది కిలోల చొప్పున ఐదు బేసిన్లు. బుల్లెమ్మగారు ఎప్పటిలాగే పామర్రు నుంచి కారులో వచ్చి, తలుపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది గానీ అవి ఒకచోట నిలవడం లేదు.

"ఉప్పు ఎండబెట్టావటే?" అని అడిగింది నన్ను.

"రెండెండలు పెట్టానండి."

"మూడు పెట్టాల్సింది" అంది. ఆవిడ ఎప్పుడూ అంతే.

ఈసారి కొత్తగా కెమెరావాళ్ళు వచ్చారు. అమెరికా ఆర్డరు కోసం వీడియో తీస్తున్నారట. వాళ్ళతోపాటు సింధూరి అనే ఆవిడ వచ్చింది, టీవీ సీరియళ్ళలో చిన్న చిన్న వేషాలు వేస్తుందట. నలభై ఏళ్ళుంటాయి. జుట్టుకి తెల్లరంగు వేసి, పట్టుచీర కట్టి, ముక్కుపుడక అంటించారు. ఆవిడే సంపూర్ణమ్మ. బుల్లెమ్మగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "మా అమ్మ ఇంత తెల్లగా ఏడిచిందా? పొలంలో తిరిగిన మనిషి" అని గొణిగింది.

పద్ధతి ఏమిటంటే, ముందు సింధూరి మొహం తీస్తారు. తర్వాత కలిపే చేతులు మాత్రం దగ్గరగా తీస్తారు. ఆ చేతులు నావి. కెమెరా కుర్రాడు గిల్టు గాజులు తెచ్చి నా చేతులకి వేశాడు. తిరుపతిరావుగారు నా పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు. "మొహం పడకుండా చూసుకో అమలా. కలిపేది నువ్వని బయట తెలిస్తే ఎవరు కొంటారు చెప్పు? లోకం అట్లాంటిది, నేనేం చేసేది?"

లోకం అట్లాంటిదట. మా పేట పేరు ఎత్తకుండా మా పేటని తిట్టడం ఆయనకి బాగా వచ్చు. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు కలిపాను. మొదటి బేసిన్ ముక్కలకి పిండి పట్టించి నూనె పోశాను. రెండోది కూడా అయింది. మూడో బేసిన్‌లో పిండి పట్టించాను, నూనె ఇంకా పొయ్యలేదు. నా రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. అప్పుడు కెమెరా సింధూరి వైపు తిరిగింది. ఆవిడ నవ్వి, చేతులు జోడించి, గొంతు వణికిస్తూ చెప్పింది.

"నేను మీ సంపూర్ణమ్మని. అరవై ఏళ్ళుగా ఈ చేత్తోనే కలుపుతున్నాను."

పది రోజుల నుంచి అడగాలా వద్దా అని చస్తున్నాను. అదంతా ఆ ఒక్క ముక్కతో తెగిపోయింది. నేను ఆలోచించి చేశానని చెప్పను. చేతులు బేసిన్‌లోంచి వాటంతట అవే బయటికి వచ్చాయి.

"సంపూర్ణమ్మగారు వచ్చారు కదండీ. ఆవిణ్ణే కలపమనండి" అన్నాను.

సింధూరి తన గోళ్ళ వైపు చూసుకుని, "నాకు కారం పడదండీ" అంది పాపం. తిరుపతిరావుగారు పళ్ళ బిగువున నవ్వుతూ కెమెరా ఆపించాడు.

"ఏంటి అమలా ఇది?"

"జీతం తీసుకునేది ఆవిడ కదండీ. ఇరవై రెండు వేలు. పని కూడా ఆవిడే చెయ్యాలి కదా."

ఆయన తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తర్వాత కళ్ళు ఇష్తియాక్ మీదికి పోయాయి. గుమ్మం దగ్గర నించున్న ఇష్తియాక్ తల వంచేసుకున్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"నా సంతకం నేను గుర్తుపట్టలేనా బాబుగారూ? ఆరేళ్ళుగా పెడుతున్నాను."

"సరే. లోపల మాట్లాడుకుందాం. ముందు ఇది కానియ్యి."

"లేదండి. చేతులు కడుక్కున్నాక మీరు నాతో మాట్లాడరు. ఇక్కడే మాట్లాడండి."

ఒకసారి నోరు తెరిచాక ఇక మూతపడదని నాకు అప్పుడే తెలిసింది. ఆరేళ్ళ తేడా నాకు రావాలని చెప్పాను. ఎనిమిదిన్నర లక్షలని చెప్పాను. నా కూతురి సర్టిఫికెట్లు లక్షన్నర కోసం బీరువాలో పడి ఉంటే, నా డబ్బు జేబులో పెట్టుకుని నా జీతం ఎంతని అడిగావే, నీకు నోరెలా వచ్చిందని అడిగాను. నువ్వు అన్నాను. గారు ఎక్కడో ఊడిపోయింది.

తిరుపతిరావుగారు కూడా ఇక నవ్వు మానేశాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావటే? నీ మొగుడు చావుబతుకుల్లో ఉంటే ఎవడిచ్చాడు డబ్బు? డబ్బు ముట్టిందని సంతకం పెట్టావు. ఏ ఆఫీసుకెళ్తావో వెళ్ళు. పుస్తకం చూపిస్తా. ఇరవై రెండు వేలూ తీసుకుని ఇప్పుడు నాటకమాడుతోందంటా. నిన్ను నమ్ముతారో నన్ను నమ్ముతారో చూద్దాం. చేతులు కడుక్కుని బయటికి నడు."

"కడుక్కుంటాను. కడిగితే మాత్రం ఈ బేసిన్‌లో మళ్ళీ పెట్టను. ఉప్పు తగిలిన ముక్క, నూనె పడలేదు. ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు."

తెలుసు ఆయనకి. మూడో బేసిన్ వైపు చూశాడు. ముక్కల అంచుల్లో అప్పుడే తడి మెరుస్తోంది. అలా సగంలో వదిలేయడం నాకు ఇష్టమా? కాదు. పచ్చడిని పణంగా పెట్టడం తప్పని నాకు నేర్పిన మనిషి తలుపు పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఈ దొంగ జీతం సంగతి ఆవిడకి ముందే తెలుసేమోనని కూడా ఒక అనుమానం ఉంది.

"అమ్మా, నువ్వు లే. ఆ మూడూ నువ్వు కలుపు" అన్నాడు తిరుపతిరావుగారు.

బుల్లెమ్మగారు లేవలేదు. కొడుకుని ఎగాదిగా చూసింది.

"సంపూర్ణమ్మ ఎవర్రా?" అంది.

"అబ్బా, అదంతా ఆడిటర్ల గొడవమ్మా. నీకెందుకు?"

"మా అమ్మ పేరు నాకెందుకంటావా? చచ్చిపోయిన మా అమ్మ చేత నెలనెలా జీతం తీయించావా నువ్వు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. ఆ చెయ్యి గాలిలో వణుకుతూనే ఉంది.

"ఇదుగో, ఈ చెయ్యి చూశావా? దీంతో ఎట్లా కలపమంటావురా? ఆరేళ్ళ కిందటే నా చెయ్యి దానికిచ్చేశాను. దాని చేత్తో మొదలైంది, దాని చేత్తోనే కావాలి. దానికి ఇవ్వాల్సింది ఇచ్చి అప్పుడు కలపమను. ఇవ్వనంటావా, ఈ యాభై కిలోలూ తీసుకెళ్ళి కాలవలో పొయ్యి. నేను చూస్తూ కూర్చుంటా."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు కూడా సిగ్గులేనిదానివే. సగం కలిపిన బేసిన్‌లోంచి చెయ్యి తీస్తావా? మొదలుపెట్టక ముందు అడిగి చావొచ్చుగా" అంది. ఆ తిట్టు నాకు రావాల్సిందే.

బేరం మొదలైంది. ముందు యాభై వేలన్నాడు. నేను బేసిన్ వైపు చూశాను. లక్ష అన్నాడు. నేను కుళాయి వైపు నడిచాను. అప్పుడు, ఎవరూ అడక్కుండా, గుమ్మం దగ్గరి నుంచి ఇష్తియాక్ అన్నాడు. "సార్, రిజిస్టర్ ప్రకారం అరవై తొమ్మిది నెలల తేడా ఎనిమిది లక్షల అరవై రెండు వేల ఐదువందలు." అతని గొంతు పీలగా వచ్చింది గానీ అందరికీ వినబడింది. తిరుపతిరావుగారు అతని వంక చూసిన చూపుకి నేనైతే చచ్చేదాన్ని. అతను కదల్లేదు. ఆ కుర్రాణ్ణి భయస్థుడని ఎందుకన్నానా అనుకున్నాను.

చివరికి రెండు లక్షలకి చెక్కు రాశాడు. అకౌంట్‌లో వెయ్యమంటే ఇవాళ కుదరదన్నాడు, బ్యాంకు వంక చెప్పాడు. చెక్కు నా ముందుకి విసిరినట్టు చాపాడు.

"ఏ పేరు మీద రాశారండి?" అన్నాను.

"నీ పేరే. అమలమ్మ."

"నా చేతులు కారంగా ఉన్నాయి. ఇష్తియాక్ బాబుకి ఇవ్వండి, మా డయానాకి ఫోన్ చేసి ఇస్తాడు. రిజిస్టర్‌లో కూడా ఈ నెల నుంచి ఆ పేరు కొట్టేసి నాది రాయించండి. ఇకమీదట పక్కవాళ్ళ పేరు దగ్గర నేను సంతకం పెట్టను."

గిల్టు గాజులు తీసి బల్ల మీద పెట్టాను. మూడో బేసిన్‌లో నూనె పోశాను. ముక్క ఇంకా గట్టిగానే ఉంది. ఐదూ పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. కెమెరావాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో నేను చూడలేదు.

పచ్చడి జాడీలకి ఎత్తాక బేసిన్ అడుగున మిగిలిన కారంలో వేడన్నం వేసి కలిపి, అక్కడున్న అందరికీ ముద్దలు పెట్టడం మా షెడ్డులో ఆనవాయితీ. ఇన్నేళ్ళూ ఆ ముద్దలు బుల్లెమ్మగారే పెట్టేది. తిరుపతిరావుగారు తల్లి చేతి ముద్దే తినేవాడు. నాకు మొదట్లో పైనుంచి చేతిలో పడేది. తర్వాత్తర్వాత ఆవిడ నా చేతిలోనే పెట్టేది. ఆ రోజు ఆవిడ బేసిన్ నా వైపు తోసింది. "కలిపిన చెయ్యే పెట్టాలి. కానీ" అంది. ఆవిడ నోటికి నేనే ముద్ద అందించాను. ఇష్తియాక్‌కి పెట్టాను, ఆవాలమ్మాయికి పెట్టాను. తిరుపతిరావుగారి కోసం ఒక ముద్ద పక్కన ఉంచాను. ఆయన అప్పటికే కారెక్కి వెళ్ళిపోయాడు. ఊరూరా అమ్ముకునే ఆ చేతి ముద్ద ఆయనకి గొంతు దిగేదో లేదో నాకు తెలియదు. ఎండ ఎక్కేసరికి అది ఎండిపోయింది.

మర్నాడు డయానా చెక్కు వేసింది. ఆగిపోతుందనే అనుకున్నాను. ఆయన బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించగలడు. మర్నాడే నన్ను మాన్పించగలడు కూడా. కానీ ఆవకాయకి మూడో రోజు ఉంది. తిరగకలపాలి. అదే చెయ్యి కావాలి. ఆ ఒక్కటే నా ధైర్యం.

బుధవారం పొద్దున నేను షెడ్డుకి వెళ్ళాను గానీ లోపలికి పోలేదు. గేటు పక్కన అరుగు మీద ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదైంది. పదైంది. లోపల జాడీలు వరసగా మూతలు కట్టి ఉన్నాయి. తిరుపతిరావుగారు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, గడియారం చూసుకుని వెనక్కి పోయాడు. నన్ను పిలవలేదు. నేనూ లేవలేదు. పదకొండుంబావుకి ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజ్. అంకెలు కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. డయానాకి ఫోన్ చేసి, "కాలేజీకి వెళ్ళి నీ కాగితాలు తెచ్చుకో" అన్నాను. అది ఏడ్చింది. నేను ఏడవలేదు.

లేచి, కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పొడిబట్టతో తుడుచుకుని లోపలికి వెళ్ళాను. మొదటి జాడీ గుడ్డ విప్పాను. ఊట బాగా పైకి వచ్చింది, వాసన బాగుంది. తిరుపతిరావుగారు గుమ్మంలో నించుని అడిగాడు.

"ఇప్పుడు తృప్తేనా?"

"మిగతాది మాగాయ కలిపే నాటికి సర్దండి బాబుగారూ" అన్నాను. చెయ్యి ఇంకా జాడీలో పెట్టలేదు. ఆయన సరేననే దాకా పెట్టలేదు.